బరువుల పోటీకని వెళ్తే బల్లలు మోయించారు

మా తెలుగు సంఘం వేసిన ప్రత్యేక సంచికలో ఆ శుక్రవారం జరిగిన ఆటల పోటీల గురించి పేజీలకు పేజీలున్నాయి. గెలిచినవాళ్లు, ముఖ్య అతిథికి కప్పిన శాలువా, ముగ్గులు వేసిన ఆడవాళ్లు, పులిహోర వండినవాళ్లు, అందరూ ఉన్నారు. నేను లేను. ఆ రోజు నీకేం జరిగిందని ఇంతవరకూ నన్ను ఒక్కరూ అడగలేదు. క్రీడా కార్యదర్శికి మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఎదురుపడి అడిగితే "తర్వాత మాట్లాడదాం తమ్ముడూ" అన్నారు. ఆ తర్వాత అనేది రాలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

నాది జగిత్యాల పక్క ఊరు. కువైట్‌లో, సల్వాలో, ఒక ఇంటికి డ్రైవర్‌ని. నాకంటే ముందు ఆ ఇంట్లో బండి నడిపినాయన నడుము పట్టేసి వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడు అనకూడదు, పంపేశారు. నీళ్ల సీసాల కట్టలు, బియ్యం బస్తాలు, సముద్రం ఒడ్డు విడిదికి తీసుకెళ్లే పెట్టెలు, అన్నీ డ్రైవరే మోయాలి. ఇఖామాలో, అంటే ఇక్కడి నివాస కార్డులో, డ్రైవర్ అని ఉంటుంది, ఇంట్లో మాత్రం హమాలీ. ఈ సంగతి నాకు చెప్పింది ఆ ఇంట్లో వంట చేసే అక్క. ఆమెది భీమవరం దగ్గర.

"వంగి బూట్లు కూడా ఏసుకోలేకపోయేవోడయ్యా పాపం. మామా ఒక్క వారం చూసింది. ఖలాస్ అంది. అంతే," అంది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, పనివాళ్లందరం అలాగే పిలవాలి.

వచ్చిన ఏడాదికే నాకూ నడుము మొదలైంది. పొద్దున మంచం దిగాలంటే పక్కకు దొర్లి, గోడ పట్టుకుని లేవాల్సి వచ్చేది. అది ఎవరి కంటా పడకూడదని కాలు మొద్దుబారిందని అబద్ధం చెప్పేవాణ్ణి.

యజమాని కొడుకు రోజూ సాయంత్రం జిమ్‌కు వెళ్తాడు. నేను తీసుకెళ్లి, అతను వచ్చేదాకా బయట బండిలో కూర్చోవాలి. ఆ జిమ్‌కు ముందంతా అద్దాలు. చూడటం తప్ప నాకు వేరే పని లేదు కాబట్టి చూశాను. ఇనుప రాడ్‌కు రెండు వైపులా ప్లేట్లు వేసి, వంగి పట్టుకుని, నేల మీంచి తొడల దాకా లేపి నిటారుగా నిలబడటం ఒకటుంది. డెడ్‌లిఫ్ట్ అంటారు. మేం నీళ్ల కట్టలు ఎత్తేది కూడా అలాంటి ఎత్తడమే. కాకపోతే వాళ్లు వీపు వంచరు, బరువును కాళ్లకు ఆనించుకుని పైకి తెస్తారు. మాకు అది చెప్పినవాడు లేడు. ఒకసారి అతను మరిచిపోయిన సంచి ఇవ్వడానికి లోపలికి అడుగుపెడితే, బల్ల దగ్గర కూర్చున్నవాడు చెయ్యి ఊపి "డ్రైవర్లు బయట" అన్నాడు. ఆ చెయ్యి ఊపిన తీరు నాకింకా గుర్తుంది. మరిచిపోయే ఉద్దేశం కూడా లేదు.

ప్రహరీ బాగుచేయగా మిగిలిన సిమెంటు ఇంటి వెనక పడి ఉంది. ఖాళీ పాలపొడి డబ్బాల్లో దాన్ని పోసి, మధ్యలో నీళ్ల పైపు ముక్క నిలబెట్టాను, పైపు రెండు కొసలకూ ఒక్కో డబ్బా వచ్చేలా. జులై ఎండలో, మిట్టమధ్యాహ్నం పోశాను. బుద్ధి ఉన్నవాడెవడూ కువైట్‌లో ఆ పని చేయడు. పైన బిగిసింది, లోపల పొడిపొడిగా ఉండిపోయింది, ఎత్తగానే పెచ్చులూడి పాదాల మీద పడింది. రెండోసారి తడి గోనెలు కప్పి, పొద్దున సాయంత్రం నీళ్లు చల్లాను. ఊరికి పోయేటప్పుడు పెట్టెలు తూచుకునే కొక్కెం కాటా గల్ఫ్‌లో ప్రతి గదిలోనూ ఉంటుంది. ఒక్కో కొసా దానికి వేలాడదీసి చూస్తే ఒక డబ్బా రెండోదానికంటే బరువు తూగింది. అందుకని ప్రతిసారీ పైపును అటూ ఇటూ తిప్పి పట్టుకునేవాణ్ణి, లేకపోతే ఒక భుజమే పెరుగుతుంది.

డాబా మీద నీళ్ల ట్యాంకుల నీడలో, పిల్లల్ని బడికి దింపే వేళకు ముందు, రోజు విడిచి రోజు చేశాను. పైపు కాలకుండా తడి తువ్వాలు చుట్టేవాణ్ణి. అక్క బట్టలారేయడానికి వచ్చి నవ్వేది.

"ఏంటి బాబూ, ఆ డబ్బాలు నీకేం అపకారం చేశాయి? పొద్దున్నే మీద పడ్డావు."

"నడుము గట్టివడాలె అక్కా. నన్ను గూడ ఖలాస్ అంటరు లేకపోతే."

"అలాగైతే ఉత్తన్నం తింటే ఎలాగయ్యా? కండ గాల్లోంచి వస్తుందా?" అని మర్నాటి నుంచి ఉడికించిన గుడ్లు, నానబెట్టిన శనగలు మూత పెట్టి ఉంచింది. నాకు ఈ దేశంలో అడగకుండా పెట్టింది ఆవిడొక్కతే. ఇది కూడా నేను మరిచిపోను.

యజమాని కొడుకు ఒకరోజు డాబా మీదికొచ్చి నా డబ్బాలు చూశాడు. "హాదా జిమ్?" అన్నాడు, ఇదీ ఒక జిమ్మేనా అని. నన్ను ఎత్తమని వీడియో తీసుకున్నాడు. కిందికెళ్లాక స్నేహితుల నవ్వులు పైకి వినబడ్డాయి.

నవ్వితే నవ్వారు, నడుము నొప్పి పోయింది. నెలలు గడిచేకొద్దీ డబ్బాల స్థానంలో పెయింటు బకెట్లు వచ్చాయి. చొక్కా భుజాల దగ్గర బిగిసింది. రెండు నీళ్ల కట్టలు ఒకేసారి మెట్లెక్కించేవాణ్ణి. అదే నా కొంప ముంచింది. అప్పటిదాకా ఫ్రిజ్ జరపాలంటే బయటి నుంచి మనుషులొచ్చేవాళ్లు. ఇప్పుడు మామా మెట్ల దగ్గర నిలబడి "తాల్, పహల్వాన్", ఇటు రా వస్తాదూ, అంటే నేను వెళ్లాలి. సోఫాలు, బీరువాలు, చివరికి సబా అల్ సలేంలో ఉండే ఆవిడ చెల్లెలి ఇంటి అల్మారాలు కూడా నా వంతుకే వచ్చాయి.

"బలాన్ని బంగారంలా దాచుకోవాలయ్యా. బయటపెడితే తలా కాస్త గిల్లుకుంటారు," అంది అక్క.

ఆవిడ మాట మామా విషయంలోనే అనుకున్నాను. మన తెలుగువాళ్లకు కూడా వర్తిస్తుందని అనుకోలేదు.

సంఘం ఆటల పోటీల్లో ఈసారి డెడ్‌లిఫ్ట్ కూడా పెడుతున్నారని తెలిసింది. సాల్మియాలో ఒక హోటల్ బయట క్రీడా కార్యదర్శి కనబడితే నేనే వెళ్లి అడిగాను. ఆయన పెద్ద కంపెనీలో ఇంజినీరు, మా వైపు మనిషి కాదు, కోస్తా.

"సార్, బరువులెత్తేదాంట్ల నేను గూడ ఉంట. నా పేరు రాసుకోండ్రి."

ఆయన నా చేతులు చూసి, "ఏ జిమ్ము తమ్ముడూ?" అన్నారు.

"జిమ్ము లేదు సార్. డాబా మీదనే."

"భలేవాడివే! రాసుకుంటా. పోటీ మధ్యాహ్నం. నువ్వు ఎత్తుతున్నావ్, అంతే!"

నాకు కావలసింది బహుమతి కాదు. సిమెంటు బకెట్లు కాకుండా, అసలు రాడ్ మీద, అసలు ప్లేట్లతో నేనెంత ఎత్తగలనో ఒక్కసారి తెలియాలి. అంతే. ఆ శుక్రవారం సెలవు కోసం ఎన్ని శుక్రవారాలు వదులుకున్నానో మామాకు తెలుసు.

ముందురోజు కార్యదర్శి ఫోన్ చేశారు. "తమ్ముడూ, కాస్త పెందలాడే రా. చిన్న సాయం." వెళ్లాను. పసుపు టీషర్టు చేతికిచ్చి వేసుకోమన్నారు. పోటీలో ఉన్నవాళ్లకు ఇచ్చేదనుకుని సంబరంగా వేసుకుని ఫొటో కూడా దిగాను. చుట్టూ చూస్తే పసుపు టీషర్టు వేసుకున్నవాళ్లంతా నాలాంటి డ్రైవర్లు, కంపెనీ క్యాంపుల్లో ఉండే మా కరీంనగర్, నిజామాబాద్ మనుషులు. ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నవాళ్లు వేలు చూపిస్తున్నారు. మా సంఘంలో ఎప్పుడూ ఇంతేనట, నాకే కొత్త.

వేదిక బల్లలు మోశాను. స్పీకర్లు మోశాను. అన్నం డేగిశాలు మోశాను. పోటీకి తెచ్చిన రాడ్, ప్లేట్లు వ్యాను లోంచి దింపింది కూడా నేనే. పోటీ మొదలయ్యాక "తమ్ముడూ, ప్లేట్లు మార్చు" అన్నారు. ఒక్కొక్కరు వచ్చి ఎత్తడం, నేను ప్లేట్లు తీసి వేరేవి వేయడం. నా పేరు ఇప్పుడు పిలుస్తారు, ఇప్పుడు పిలుస్తారని మైకు వైపే చూస్తున్నాను. చివరాయన ఎత్తాడు, చప్పట్లు కొట్టారు, బహుమతులకు అతిథిని పిలిచారు.

నేను కార్యదర్శి దగ్గరికి వెళ్లాను. "సార్, నేను ఎత్తలే. నన్ను పిలువలే."

"అయ్యో, నువ్వు వాలంటీరువి కదయ్యా. వాలంటీర్లు పోటీలో ఉండకూడదు. అది రూలు."

"మరి పొద్దుగాల చెప్పొద్దా సార్?"

"వచ్చేసారి చూద్దాంలే. ముందు ఆ రాడ్ తీసెయ్, పిల్లల డాన్సుంది."

గెలిచినాయన వదిలేసిన బరువు అలాగే నేల మీద ఉంది. నేను ప్లేట్లు తీయలేదు. కాళ్లు సర్దుకుని, వంగి పట్టుకున్నాను. కదిలింది. మోకాళ్ల దాకా వచ్చింది. అక్కడ వేళ్లు వదిలేశాయి. పొద్దుట్నుంచి బల్లలు పట్టిన వేళ్లవి. ధడేలుమని పడింది. జనం తిరిగి చూశారు. కార్యదర్శి పరుగెత్తుకొచ్చి, "మెల్లగా తమ్ముడూ! అద్దె హాలు, టైల్సు పగిలితే ఎవరు కడతారు?" అన్నారు. కొందరు నవ్వారు. నేను రాడ్ విప్పి వ్యానులో పెట్టాను. ఆ పని కూడా నాదే.

ఇంటికొచ్చాక అక్క అడిగింది, "ఎంత ఎత్తావు బాబూ?" అని. ఏం చెప్పను? నా చేతకాక పడిందో, బల్లల వల్ల పడిందో నాకే తెలియదు. అలసట లేని చేతులతో ఎత్తి ఓడిపోయి ఉంటే నోరు మూసుకునేవాణ్ణి. ఓడిపోయే వంతు కూడా నాకు రానివ్వలేదు. కోపం అందుకు.

కార్యదర్శి గారూ, మీరు ఉండేది సాల్మియాలో, నేను సల్వాలో. మధ్యలో ఎడారి లేదు, బండిలో ఎంతో సేపు పట్టదు. నేను మీ సంఘం నుంచి శాలువా అడగడం లేదు, క్షమాపణ కూడా అడగడం లేదు. ఒకటే అడుగుతున్నాను. ఆ రూలు మీకు ముందే తెలిసి నాకు చెప్పలేదా, లేక నా పేరు రాసుకుంటానని అన్న సంగతే మీకు గుర్తు లేదా? ఈ రెండింట్లో ఏదో, తర్వాత కాదు, ఇప్పుడు, మీ నోటితో చెప్పండి.