శనివారం పాఠానికి వచ్చిన సుమలత

సుమలతను మొదటి రోజే వెనక్కి పంపేద్దామనుకున్నాను. ముప్పై ఐదేళ్లు దాటిన మనిషి, ఇంటర్‌తో చదువు ఆపేసింది, ఎమ్మెస్సీ పిల్లల మధ్య కూర్చుని బొగ్గు పొరల పాఠం వింటానంటుంది. డిగ్రీలో చేరకుండా ఒక్క సబ్జెక్టు వినడానికి మా విశ్వవిద్యాలయంలో వీలుంది. కాకపోతే పరీక్ష ఉండదు, మార్కులుండవు, చివర్లో సర్టిఫికెట్టూ ఉండదు. ఆ సంగతి విసుగ్గానే చెప్పాను.

"కాయితం నాకెందుకు సారూ. నౌకరి ఉన్నది. ముచ్చట తెలిస్తె చాలు" అంది.

ఏ ముచ్చటో నేను అడగలేదు. పాఠం చెప్పడమే గాని, వినేవాళ్లు ఎందుకు వింటున్నారో అడిగే అలవాటు ముప్పై ఏళ్లలో నాకు అబ్బలేదు.

వారపు సెలవును శనివారానికి మార్చుకుని, భూపాలపల్లిలో తెల్లవారుజాము బస్సెక్కి హనుమకొండ వచ్చేది. ముందు బెంచీలో కూర్చునేది. అర్థం కాని ఇంగ్లీషు మాటలన్నీ ఒక పక్క రాసుకుని, క్లాసయ్యాక నా ప్రాణం తీసేది. పిల్లలు మొదట్లో ఆంటీ అని ఆటపట్టించారు. దసరా సెలవులయ్యేసరికి ఆమె నోట్సు కోసమే వెంటపడ్డారు.

ఫిబ్రవరిలో గని పైకప్పుల పాఠం వచ్చింది. కోట్ల ఏళ్ల కిందటి చెట్ల మొదళ్లు కొన్ని నిలబడి ఉండగానే ఇసుకలో కూరుకుపోయి రాయి అవుతాయి. బెరడు మాత్రం పలచటి బొగ్గు పొరగా మిగులుతుంది. కింది బొగ్గు తవ్వేశాక ఆ రాయిని పట్టి ఉంచేది ఆ పొరొక్కటే. అది ఎప్పుడో జారుతుంది, రాయి ఊడిపడుతుంది. బోర్డు మీద బొమ్మ వేసి ఇదంతా హుషారుగా చెబుతున్నాను.

సుమలత లేచి నిలబడింది. "కట్టెతోని కొట్టి చూస్తె తెల్వదా సారూ?"

"చాలాసార్లు తెలియదమ్మా. గట్టి చప్పుడే వస్తుంది" అని బోర్డు తుడిచేశాను.

క్లాసు అయిపోయాక అందరూ వెళ్లినా ఆమె వెళ్లలేదు. సంచిలోంచి నలిగిన జిరాక్సు కాగితాలు తీసి నా ముందు పెట్టింది. ఆరేళ్ల కిందటి గని ప్రమాదం మీద విచారణ నివేదిక అది. చనిపోయినవాడు ఎల్లేశ్, ఆమె భర్త. ఆయన చోటే ఆమెకు గని ఆఫీసులో పని దొరికింది. పడిన రాయి గుండ్రంగా ఉందనీ, బోర్లించిన బకెట్టులా కింది వైపు వెడల్పనీ, చుట్టూ నున్నటి నల్లపొర ఉందనీ అందులో రాశారు. అది చెట్టు మొదలే.

అప్పుడు చెప్పింది అసలు సంగతి. పని మొదలయ్యేముందు పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, పదిలమో కాదో చెప్పేవాణ్ని గనిలో సర్దారు అంటారు. ఆ రోజు సర్దారు పురుషోత్తం. తట్టి చూశాననే చెప్పాడు, నివేదికలోనూ అదే ఉంది. సుమలత నమ్మలేదు. ఎల్లేశ్ దినాల నాడు, కాలనీ అంతా చూస్తుండగా, "నువ్వు కొట్టి చూడలె. నా పెనిమిటిని నువ్వే చంపినవ్" అంది. తర్వాత అతనితో గనిలో దిగడానికి ఎవరూ ముందుకు రాలేదు. అతను ఉద్యోగం వదిలేసి, భార్యతో సొంతూరు తరిగొప్పుల వెళ్లిపోయాడు.

"ఆయన అబద్ధమాడిండని తేల్చుదామనే మీ దగ్గరికొచ్చిన సారూ. ఇప్పుడు పోయి ఆయన కాళ్లు మొక్కాలె. మీరు గూడ రావాలె" అంది.

మాది జనగామే, తరిగొప్పుల దగ్గరే. మర్నాడు ఆదివారం, ఆమె సెలవు పెట్టి వచ్చింది. జనగామలో బస్సు దిగగానే ఆమెను నా కారులో తీసుకెళ్లాను. దారి పొడుగునా ఏమని మొదలుపెట్టాలో తనలో తనే అనుకుంటూ కూర్చుంది.

పురుషోత్తం భార్య కొమురమ్మ అరుగు మీద ఎండుమిర్చికి తొడిమెలు తీస్తోంది. ఆమె వెనక గోడకు పురుషోత్తం ఫొటో, దానికి దండ. సుమలత వాకిట్లోనే ఆగిపోయింది.

"రెండేండ్లాయె. నీకు చెప్పేటోళ్లెవరున్నరు" అంది కొమురమ్మ, తలెత్తకుండానే.

సుమలత కింద కూర్చుంది. నేను గంటసేపు చెప్పిన పాఠాన్ని పది మాటల్లో, నాకంటే తేటగా చెప్పింది. పురుషోత్తమన్న తప్పేం లేదంది. కొట్టి చూసినా ఆ రాయి పట్టిచ్చేది కాదంది. ఏడుస్తూనే చెప్పింది, ఒక్క ముక్క పొల్లుపోలేదు.

కొమురమ్మ నా వైపు చూసింది. "ఈ సారెవరు?"

"నాకు చదువు చెప్పిన సారక్కా. నాకు డిగ్రీ లేదు, ఏం లేదు. నా మాట నమ్మవేమోనని తోల్కచ్చిన."

"గప్పుడు ఏ సారును తోల్కచ్చినవ్ చెల్లె? ఒక్కదానివే నిలవడి అన్నవ్. కాలనీ అంత నమ్మింది." కొమురమ్మ ఇంకో మిరపకాయ తొడిమె తుంచింది. "నేను గూడ నమ్మిన. కొట్టి చూసిన్నే అని నాలుగేండ్లు చెప్పిండు. కొట్టలేదులే, ఒప్పుకో, పాపం పోతది అన్న. నా పోరు పడలేక సచ్చేముందు ఒప్పుకుండు."

ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. అన్నీ తెలిసిన పెద్దమనిషిని, ఎందుకూ పనికిరాకుండా వాళ్ల మధ్య కూర్చున్నాను.