దిష్టికి దాచిన కడుపు

మా తోడికోడలు ఇన్సాఫ్‌కి కాలు ఒకచోట నిలవదు. డాబా మీద పావురాలకు గింజలు చల్లుతూనే, కింద అన్నం మాడుతుందేమోనని పరుగెత్తుకొస్తుంది. జిఫ్తా ఊళ్లో మాది మూడంతస్తుల ఇల్లు. అడుగున మా అత్త హమీదా, నడుమ మేము, పైన ఇన్సాఫ్, ఆమె మొగుడు రగబ్. అతను లారీలో నారింజలు వేసుకుని బయల్దేరితే వారాల తరబడి ఇంటికి రాడు.

నాకు నలుగురు ఆడపిల్లలు. ఇన్సాఫ్‌కి రెండుసార్లు కడుపు వచ్చి పోయింది. దిష్టి తగిలే పోయాయని అత్త తీర్పు. ఎవరి దిష్టో పేరు పెట్టి అనేది కాదు గానీ, అన్నప్పుడల్లా చూపు మాత్రం నా మీద వాలేది. నాకు ఒళ్లు మండేది. ఉన్న నలుగురితోనే వేగలేక చస్తున్నదాన్ని, ఇంకొకరి బిడ్డ మీద నాకేం ఏడుపు?

ఆ చలికాలం ఇన్సాఫ్ మరీ కుదురు లేకుండా తిరిగింది. ఒంటేలుకు పోతే మంట, కింద పచ్చగా కారుతోందని ఒక పొద్దున నా చెవిలో చెప్పింది. ఇద్దరం మందుల షాపుకు పోయాం. అక్కడ మా వీధి ఆడవాళ్లే ఉన్నారు. షాపు పిల్ల గొంతు తగ్గించి, కడుపుతో ఉన్నావా అని అడిగింది. ఇన్సాఫ్ నా వైపోసారి చూసి లేదంది. ఆ పిల్ల గొట్టం మాత్రల అట్ట ఒకటి చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చాక మాత్ర నోటిదాకా తీసుకెళ్తుంది, దించుతుంది, మళ్లీ గదంతా తిరుగుతుంది. మింగవేమే అని కసిరాను. అప్పుడు మెట్ల మీద కూలబడింది.

"అక్కా, నాకు నాలుగో నెల. నువ్వు పక్కనున్నావని అక్కడ చెప్పలేదు."

కోపం నషాళానికంటింది. నా కళ్లు అంత పాపిష్టివా అని అడిగేశాను కూడా. కానీ ఆమె భయం ఆమెది. మందు మింగితే బిడ్డకేమవుతుందో, మింగకపోతే జబ్బేం చేస్తుందో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అట్ట లాక్కుని, ఆమెను ఆసుపత్రికి లాక్కుపోయాను.

డాక్టరమ్మ మగ్దా పరీక్షించింది, రక్తం తీయించింది. ఇది మొగుడి దగ్గర్నుంచి అంటిన జబ్బు కావచ్చంది. ఫలితాలు రావాలి గానీ అప్పటిదాకా ఆగితే బిడ్డకే ముప్పు కాబట్టి మందు ఇప్పుడే మొదలుపెడదామంది. షాపులో ఇచ్చినవి కడుపులో బిడ్డ పళ్లకీ ఎముకలకీ మంచివి కావట, పక్కన పడేసింది. గర్భిణులు వాడదగ్గవి వేరే ఇచ్చి, ఎదురుగానే మింగించింది.

"మీ ఆయన కూడా వేసుకోవాలమ్మా. మగాళ్లకు ఏ బాధా తెలియకుండానే ఉండొచ్చు. ఆయన వాడకపోతే నీకు మళ్లీ అంటుతుంది. నేను సరేననే దాకా దగ్గరికి రానివ్వకు," అంటూ అతని మందు పొట్లం కూడా చేతికిచ్చింది.

ముందు రెండూ దీనివల్లే పోయాయా అని ఇన్సాఫ్ అడిగింది. చెప్పలేనంది డాక్టరమ్మ. దారిపొడుగునా ఇన్సాఫ్ ఆ మాటే గొణుక్కుంటూ నడిచింది.

గురువారం రగబ్ వచ్చాడు. పైనుంచి అరుపులు వినిపించాయి. తనకే రోగమూ లేదట, పెళ్లాం తన పరువు తీస్తోందట. మందు పొట్లం మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చి మా గుమ్మంలో పడింది. వెనకాలే ఇన్సాఫ్ దిగొచ్చి, నా పిల్లల మధ్య పడుకుంది.

మర్నాడు శుక్రవారం. మగాళ్లు నమాజు నుంచి రాగానే అందరం అత్త దగ్గర అన్నానికి కూర్చున్నాం. ఇన్సాఫ్ పావురాల కూర దించి, రగబ్ ముందు ఆ పొట్లం పెట్టింది.

"అత్తా, నేను కడుపుతో ఉన్నాను," అంది.

అత్త దేవుడి పేరు తలచుకుని, అలవాటుగా నా వైపు తిరగబోయింది.

"అక్కనెందుకు చూస్తావు? జబ్బు నీ కొడుకు నుంచి వచ్చుండొచ్చంది డాక్టరమ్మ. నేను మందేసుకున్నాను. ఆయన వేసుకోనంటున్నాడు. ఈ బిడ్డ కూడా పోతే దిష్టి అనకు."

రగబ్ మొహం నల్లబడింది. ఒక్క ఊపున లేవబోయాడు. మా ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. అత్త కొడుకు వైపు తిరిగింది. తర్వాత గ్లాసులో నీళ్లు పోసి అతని ముందుకు జరిపింది.

"మింగరా."

మింగాడు.

"నోరు తెరువు," అంది అత్త. అతని గడ్డం పట్టుకుని, నాలుక కింద కూడా చూసింది.