పాత పేస్టు పట్టని నీళ్లు

అది నా ఉద్యోగంలో ఆఖరి వానాకాలం. ఓ ఆయిల్ కంపెనీకి ఖమ్మంలో సేల్స్ ఆఫీసర్‌ని. భద్రాచలం అడవి దారిలోని పెట్రోలు బంకులు కూడా నా తనిఖీ కిందివే. ఇథనాల్ శాతం పెంచిన పెట్రోలు అప్పుడే వచ్చింది. దాని మేలు జనానికి చెప్పే పని నాకు పడింది.

మాట్లాడటమంటే నాకిష్టం, ఆఫీసులో వాగుడుకాయ అనేవారు. పర్ణశాల వైపు ఒక బంకులో రైతుల్ని కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. మొక్కజొన్న నుంచీ నూకల నుంచీ తీస్తారు, పొగ తగ్గుతుంది, చమురు కోసం బయటి దేశాల ముందు చెయ్యి చాచడం తగ్గుతుంది, పంటకు ఇంకో గిరాకీ పుడుతుంది అని. "ఏంది సారూ, మా మక్కలతోటి మా బండే నడుస్తదా?" అని ముత్తయ్య అనే రైతు మురిసిపోయాడు. అవునన్నాను.

చెప్పనిది ఒకటుంది. ఇథనాల్ నీటిని ఇట్టే కలుపుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే వాటితో కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతుంది. అడుగున చేరిన ఆ మిశ్రమం బండిలో పడితే ఇంజిన్ ఆగిపోతుంది. అందుకే రోజూ కడ్డీకి పేస్టు రాసి భూమిలోని ట్యాంకులోకి దించుతారు. నీళ్లు తగిలిన మేర రంగు మారాలి. ఈ పెట్రోలులో దిగిన నీళ్లను పాత పేస్టు సరిగా పట్టుకోదు, కొత్త రకం కావాలి. ఆ కొత్త పేస్టు ట్యూబులు నా ఆఫీసుకు వచ్చాయి. జీపులో బ్యానర్లు వేసుకున్నాను గానీ ట్యూబుల పెట్టె మరిచాను. మళ్లీ వచ్చినప్పుడు ఇద్దాంలే అనుకున్నాను.

మూడు రోజులు ముసురు పట్టింది. ఆ బంకు ట్యాంకులోకి మూత సందులోంచి వాననీరు దిగింది. మేనేజరు పాత పేస్టుతోనే చూసి, రిజిస్టర్లో 'నీళ్లు లేవు' అని రాశాడు. అతను అబద్ధం రాయలేదు. కడ్డీ మీద రంగు మారలేదు.

ఆ పొద్దున ముత్తయ్య గుండెనొప్పితో ఉన్న తల్లిని బండి మీద కూర్చోబెట్టుకుని, అక్కడే పెట్రోలు పోయించుకుని భద్రాచలం దవాఖానాకు బయల్దేరాడు. అడవి మధ్యలో బండి ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. ఇంకో బండి దొరికేసరికి ఆమె పోయింది.

నేను వెళ్లి అమ్మకం ఆపించి, శాంపిల్ సీలు చేసి, తప్పు నాదేనని రిపోర్టు రాశాను. తర్వాత వాళ్లింటికి వెళ్లాను. ముత్తయ్య తిట్టలేదు. "మీరు చెప్పిండ్రని మా అమ్మకు గూడ చెప్పిన సారూ, మన మక్కల పెట్రోలే అని. నవ్వింది," అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మాట గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు అన్నం సహించదు.

ఇథనాల్ మంచిదే. ఎవరడిగినా ఆ మేళ్లే చెబుతాను. రిటైరయ్యేటప్పుడు నా తర్వాతి ఆఫీసరుకు మాత్రం ఒకటి చెప్పి వచ్చాను: కొత్త పెట్రోలు కన్నా ముందు కొత్త పేస్టు బంకుకు చేరాలి, అది చేరేదాకా మేలు గురించి నోరు విప్పకూడదు.