మూడో పేరుకు ముందే వచ్చిన కెరటం

ఆ రోజుల్లో, అంటే చేతికి స్మార్ట్‌ఫోనూ బుర్రకి డిగ్రీ ఇంచుమించు ఒకేసారి అందిన రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ముఖ్యంగా బాప్తిస్మం గురించి. నీళ్లు పాపాన్ని కడగవనీ, లోపల జరిగిన మార్పుకి అవి బయటి గుర్తనీ, మునగడమంటే పాత మనిషిని క్రీస్తుతో కూడా సమాధి చేయడమనీ, లేవడమంటే కొత్త బతుకనీ, ఇదంతా ఎవడో తోస్తే కాదు, తనంతట తానే దిగాలనీ భావనపాడు చర్చిలో నాతోపాటు సిద్ధపడుతున్న ఏడుగురికీ రెండు నెలలపాటు విడమరిచి చెప్పాను. (వాళ్లు అడగలేదు.) ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. సముద్రం పక్కన పుట్టినా, అయిదో ఏటనే శ్రీకాకుళం హాస్టల్లో పడ్డ నాకు నీళ్లంటే భయం.

మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, గజపతినగరం వైపు నుంచి కొత్తగా వచ్చారు. అప్పటిదాకా ఆయన ఇచ్చిన బాప్తిస్మాలన్నీ ఊరి వాగుల్లో, గెడ్డల్లోనే. గెడ్డ నీళ్లు బుద్ధిగా పారిపోతాయి గానీ, ఎగిరి మీద పడవు. ఆ ఆదివారం పొద్దున్నే, చదువుకున్నవాణ్నని నన్నే మొదట పిలిచి, నడుము లోతులో సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారు. సముద్రానికి వీపు పెట్టకూడదని మా ఊళ్లో పాలు తాగే పిల్లకీ తెలుసు. కానీ అయ్యగారికి ఎవరు చెబుతారు? గౌరవం కొద్దీ ఒడ్డున అందరూ నోరు మూసుకున్నారు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి తండ్రి పేరు చెప్పారు, కుమారుని పేరు చెప్పారు. మూడో పేరు రావలసిన చోట కెరటం వచ్చింది.

కళ్లు తెరిచేసరికి ఇద్దరం ఇసకలో పక్కపక్కనే బోర్లా పడి ఉన్నాం. ఎవరు ఎవరికి బాప్తిస్మమిచ్చారో చెప్పడం కష్టం.

"మునిగినాడు కదండీ అయ్యగారూ, ఇంకేటి గావాల?" అంది అమ్మ.

"ముంచింది నేను కాదమ్మా, సముద్రం," అన్నారాయన, ముక్కులోంచి ఇసక తీసుకుంటూ. తర్వాత నా మొహం చూసి జాలిపడ్డారు. "భయమైతే ఫర్వాలేదు బాబూ. వచ్చే నెల మా ఊరు రా, గెడ్డలో ఇస్తాను."

ఆ గెడ్డ నాకు పరలోకంలా కనిపించింది. సరేనందామని నోరు తెరిచాను. ఇంతలో నా వెనక వరసలో ఉన్న, చేపలమ్ముకునే ముసలమ్మ నెమ్మదిగా అడిగింది: "బాబూ, పాత మనిసిని పూడ్సీడమన్నావు కదా. మరి నీ పాతోడు ఇంకా ఉప్పునీళ్లు కక్కతన్నాడేటి?"

ఏడుగురూ నావైపే చూస్తున్నారు. రెండు నెలలు నేను చెప్పిన మాటలన్నీ వాళ్ల కళ్లల్లో ఉన్నాయి. నేను వెనక్కి తిరిగితే వాళ్లకి మిగిలేది వట్టి ఉపన్యాసం. లేచాను. ఒంటికంటిన ఇసక దులుపుకుని సముద్రం వైపు నడిచాను. ఈసారి ఎవరూ పిలవలేదు, ఎవరూ తొయ్యలేదు.

అప్పటిదాకా తెప్పకి ఆనుకుని బీడీ కాలుస్తున్న మా మావ (అమ్మకి అన్న, రోజూ గంగమ్మకి దండం పెట్టందే వేటకెళ్లడు) లుంగీ ఎగ్గట్టి మాకంటే ముందే దిగాడు. "అయ్యగారూ, మీరు ఇటు తిరగండి. అల్లుడా, నా బుజం అట్టుకో. కెరటాలు నాను సూస్తాను." అని సముద్రానికి ఎదురుగా నిలబడ్డాడు. "ఇప్పుడు కాదు... ఇప్పుడూ కాదు... ఆ, కానీండి, బేగి!"

మూడు పేర్లూ పూర్తిగా విన్నాను. మునిగాను. లేచాను. ఆకాశమేమీ తెరుచుకోలేదు గానీ, "లెగిసినాడర్రా!" అని మావ పెట్టిన కేక మాత్రం ఊరంతా వినబడింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఒడ్డుకి నడిచాను. (పది అడుగులుంటాయి. ఎవరైనా అడిగితే ఇరవై అంటాను.)

ఆ పొద్దు మిగతా ఏడుగురికీ మావే కెరటాలు చూశాడు. "అంతసేపు నీళ్లల్లోనే ఉన్నావు, నువ్వూ మునిగెయ్యి అన్నయ్యా," అంది అమ్మ. "నాను రోజూ మునుగుతన్నానే. ఒక్కడూ సప్పట్లు కొట్టడు," అన్నాడు మావ, తడిసిన బీడీ కట్ట పిండుకుంటూ.

ఇప్పుడు నేను విజయనగరంలో ఉద్యోగస్తుణ్ని. మా చర్చిలో పలకలేసిన తొట్టె ఉంది, మోటారు వేస్తే నిండుతుంది. బాప్తిస్మానికొచ్చే కుర్రాళ్లకి తువ్వాళ్లందిస్తూ, "నడుము లోతే, భయం లేదు," అని పెద్దమనిషిలా చెబుతుంటాను. వాళ్లు నమ్ముతారు కూడా. అప్పుడప్పుడు, వణుకుతూ రెండోసారి సముద్రం వైపు నడిచిన ఆ ఇరవయ్యేళ్లవాడు గుర్తొస్తాడు. ఎందుకో గానీ, మా ఇద్దరిలో వాడే పెద్దవాడనిపిస్తుంది.