మధ్యాహ్నం ఒంటిగంట పేజీ

కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో ఆమె పని. ముందు గదిలోకి ఎవరొచ్చారో, ఎవరు వెళ్ళారో ఆమెకు కనిపించదు. గోడకున్న చిన్న కిటికీలోంచి యజమాని ఒక ట్రే లోపలికి తోస్తాడు. అందులో ఒక ఫ్రేమ్, రెండు గుండ్రటి అద్దాలు, ఒక చీటీ. చీటీ మీద పేరుండదు, నంబరూ పవరూ మాత్రమే ఉంటాయి. ఆమె అద్దాల అంచుల్ని సాన చక్రం మీద ఫ్రేమ్ కొలతకు అరగదీసి, బిగించి, తుడిచి, అదే కిటికీలోంచి వెనక్కి ఇస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. నూట నలభై రెండో నంబరు మనిషికి ఏటేటా చూపు మందగిస్తోందని ఆమెకు తెలుసు. ఆ మనిషి ఆడో మగో మాత్రం తెలియదు.

పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇస్త్రీ దుకాణం పైనున్న ఒంటిగదిలో ఒక్కతే ఉంటోంది. అన్నయ్య, వదిన అదే ఊళ్ళో రెండు బస్సులు మారితే వచ్చేంత దూరంలో ఉన్నారు. ఆదివారం ఆదివారం వెళ్ళి భోజనం చేసి వస్తుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు యజమాని షట్టర్ సగం దించి ఇంటికి వెళ్ళేవాడు. ఆ గంటసేపు ఆమె అన్నం డబ్బా మూత తీసి, ఆర్డర్లు పంపే పాత కంప్యూటర్ ముందు కూర్చునేది. గళ్ళ నుడికట్టు పిచ్చి ఉన్నవాళ్ళు కబుర్లు చెప్పుకునే వెబ్‌సైట్ ఒకటుండేది. అందులో ఆమె పేరు మైనస్ మూడు, అంటే ఆమె సొంత కళ్ళజోడు పవర్. రోజూ సరిగ్గా ఒంటిగంటకు అక్కడికి వచ్చే ఇంకో మనిషి పేరు తూనీగ. మొదటి వారంలోనే తూనీగ ఒక షరతు పెట్టారు: "పేర్లూ ఊళ్ళూ వద్దు. ఆధారాలు చాలు."

ఒకరోజు తూనీగ ఒక ఆధారం ఇచ్చారు: "ముందుకు వెళ్ళినా వెనక్కి వెళ్ళినా కాలి కింద అదే. మూడక్షరాలు." రెండింటికి ఆమె మళ్ళీ పనిలో కూర్చుంది గానీ బుర్ర అక్కడే తిరుగుతోంది. నాలుగింటికి అద్దం చేతిలో ఉండగానే "మడమ!" అని కేక పెట్టింది. యజమాని కిటికీలోంచి తల పెట్టి, "ఏమైందమ్మా? కాలికేమైనా తగిలిందా?" అన్నాడు.

అలా ఆరేళ్ళు గడిచాయి. తూనీగ టీలో చక్కెర మానేశారనీ, మెట్లెక్కితే వాళ్ళ ఎడమ మోకాలు మాట వినదనీ ఆమెకు తెలుసు. అంతకు మించి తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనిపించలేదు.

ఒక శనివారం తూనీగ, "పదిరోజులు కనబడను. కంగారు పడకు," అని రాసి వెళ్ళారు. సోమవారం వెబ్‌సైట్ నెత్తిన ఒక పట్టీ కనిపించింది. శుక్రవారంతో ఈ సేవ నిలిచిపోతుందనీ, ఇన్నాళ్ళ ఆదరణకు ధన్యవాదాలనీ దాని సారాంశం. ఆమె రోజూ చూసింది. తూనీగ రాలేదు. శుక్రవారం రెండింటికి పది నిమిషాల ముందు షరతును పక్కన పెట్టి, తన పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ అన్నీ రాసి పంపింది. దాని కింద "పంపబడింది" అని వచ్చింది. "చదివారు" అని రాలేదు. సోమవారం చూస్తే ఆ పేజీయే లేదు.

ఆదివారం వదిన అన్నం వడ్డిస్తూ అడిగింది. "మొహం అలా పీక్కుపోయిందేం? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు వదినా. ఒక వెబ్‌సైట్ మూసేశారు."

"ఓస్, అంతేనా! ఇంకోటి తెరుచుకో."

అన్నయ్య నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చింది.

తరువాతి ఆదివారం నుంచి అన్నయ్య ఇంట్లో భోజనం కాగానే గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టింది. వెబ్ పేజీలు తయారు చేయడం ఎలాగో చెప్పే లావుపాటి పుస్తకం ఒకటి అక్కడ దొరికింది. కావలసింది ఒక్కటే: మధ్యలో కంపెనీ ఉండకూడదు. మధ్యలో ఎవరో ఉండబట్టే కదా మూసేయగలిగారు! చదవగా చదవగా తెలిసిందేమిటంటే, రెండు బ్రౌజర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోగలవు. ఒక పేజీ తాను ఎక్కడుందో, తనను ఎలా చేరాలో చెప్పే పొడుగాటి కోడ్ ఒకటి ఇస్తుంది. దాన్ని రెండో పేజీలో అతికిస్తే అది జవాబు కోడ్ ఇస్తుంది. ఆ జవాబును తెచ్చి మొదటి పేజీలో అతికిస్తే దారి తెరుచుకుంటుంది. ఆ తరువాత మాటలు ఎవరి చేతుల్లోంచీ పోవు, ఎక్కడా నిలవ ఉండవు. పేజీ మూస్తే అంతా మాయం.

చెప్పడానికి నాలుగు ముక్కలే గానీ, చేయడానికి ఆమెకు ఎనిమిది నెలలు పట్టింది. ఒక కామా తప్పిపోయి మూడు వారాలు పోయిన సందర్భం కూడా ఉంది.

చివరికి ఒక మధ్యాహ్నం దుకాణంలో ఒకే తెర మీద రెండు బ్రౌజర్ కిటికీలు పక్కపక్కన తెరిచి, కోడ్‌లు అటూ ఇటూ అతికించింది. రెండింటిలోనూ "కలిసింది" అని వెలిగింది. ఎడమ కిటికీలో "ఉన్నావా?" అని కొట్టింది. కుడి కిటికీలో ఆ మాట ప్రత్యక్షమైంది. కుడి కిటికీలోకి వెళ్ళి "ఉన్నాను" అని కొట్టింది. ఎడమవైపు వచ్చిన ఆ మాటను ఒక క్షణం నిజంగా ఎవరో అన్నట్టే చదివింది. ఆ వెంటనే ఎందుకో సిగ్గేసి రెండూ మూసేసింది. ఆ రోజు డబ్బాలో అన్నం సగం అలాగే మిగిలిపోయింది.

రెండు కంప్యూటర్ల మీద పరీక్షించాలంటే గ్రంథాలయమే గతి. అక్కడి లైబ్రేరియన్ రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. నవ్వడానికి కూడా అర్జీ పెట్టుకోవాలేమో అన్నట్టుంటాడు. ఆమె భయపడుతూనే అడిగింది. ఆయన వచ్చి మూడో కంప్యూటర్ దగ్గర కూర్చున్నాడు. ఆమె పెన్‌డ్రైవ్‌లో కోడ్ పెట్టుకుని రెండు బల్లల మధ్య అటూ ఇటూ తిరిగింది. దారి తెరుచుకోగానే ఆయన పంపిన మొదటి మాట ఆమె తెర మీదికి వచ్చింది: "నిశ్శబ్దం పాటించండి."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"బాగానే ఉందమ్మా," అన్నాడాయన లేచి వచ్చి. "కానీ ఆ కోడ్ ఈమెయిల్లో పంపగలిగినప్పుడు, ఆ మాటలేవో ఈమెయిల్లోనే రాసుకోవచ్చుగా?"

"ఉత్తరం వేరండీ, ఎదురుగా కూర్చోవడం వేరు. అవతలివాళ్ళు ఆలోచిస్తున్నారని కూడా తెలుస్తుంది."

"సరే. ఇంతకీ ఎవరితో కూర్చుంటారు?"

తూనీగతో కలవాలంటే తూనీగ చేతికి కోడ్ అందాలి. అందించాలంటే తూనీగ ఎక్కడున్నారో తెలియాలి. మధ్యలో ఎవరూ లేకుండా మాట్లాడుకోవడానికి ముందే ఒకరికొకరు తెలిసి ఉండాలి. ఈ సంగతి ఆమెకు ఈ ఎనిమిది నెలలూ తెలుసు. తెలిసే, పని ఉందిలే అని దాన్ని పక్కకు నెడుతూ వచ్చింది. ఇప్పుడు పని అయిపోయింది.

ఉన్నదంతా లైబ్రేరియన్‌కు చెప్పింది. ఆయన విని, నుడికట్లు వేసే వారపత్రికను ఆమె ముందు పెట్టి, పాఠకుల ఉత్తరాల చిరునామా మీద వేలు ఆనించాడు.

తూనీగను వెతుకుతున్నాననీ, మాట్లాడుకోవడానికి ఒక పేజీ తయారు చేశాననీ, తన ఈమెయిల్‌తో సహా ఆమె నాలుగు వాక్యాలు రాసింది. రెండు నెలల తరువాత అచ్చయ్యాయి. మొదటి జవాబు ఒకతని దగ్గరనుంచి వచ్చింది. తానే తూనీగనన్నాడు. ఆమె మడమ ఆధారం రాసి, జవాబు చెప్పమంది. అతను "చెప్పులు" అన్నాడు. మళ్ళీ రాయలేదు.

రెండో జవాబు: "నేను మీ తూనీగను కాను. ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి మానేశాను. ఈ వారం నుడికట్టులో నిలువు తొమ్మిది నన్ను చంపుతోంది. మీ పేజీలోకి ముక్కూమొహం తెలియనివాళ్ళను రానిస్తారా?"

ఆమె నాలుగు రోజులు జవాబివ్వలేదు. తూనీగ కుర్చీలో ఇంకెవరినో కూర్చోబెడుతున్నట్టు అనిపించింది. ఐదో రోజు పేజీని జతచేసి "మంగళవారం, ఒంటిగంటకు" అని రాసింది.

ఆ మంగళవారం రెండు పేజీలూ కలవలేదు. గ్రంథాలయం గోడల మధ్య కలిసినంత సులువుగా బయట కలవదని తెలిసొచ్చింది. ఒక ఇంటి కంప్యూటర్ బయటివాళ్ళకు ఏ చిరునామాలో కనిపిస్తుందో చెప్పే చిన్న సర్వర్ సాయం కావాలి. అది దారి చెప్పి తప్పుకుంటుంది, మాటలు వినదు. ఆమె అయిష్టంగానే దాన్ని చేర్చింది. మరుసటి మంగళవారం నర్సు జవాబు కోడ్‌లో చివరి వరుస కాపీ చేయడం మరిచిపోయింది. మళ్ళీ పంపింది. ఒంటిగంటా ఇరవైకి "కలిసింది" అని వెలిగింది.

"ఉన్నారా?" అని ఆమె కొట్టింది.

చాలాసేపటికి వచ్చింది: "ఉన్నాను. కళ్ళజోడు వెతుక్కుంటున్నా."

నర్సు ఒక్కో అక్షరం వెతికి వెతికి కొడుతోంది. తూనీగ అయితే ఈపాటికి నాలుగు చమత్కారాలు విసిరేవారు. ఆమెకు విసుగు వచ్చింది. విసుగు వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. నిలువు తొమ్మిది ఏమిటో చెప్పింది. అవతలినుంచి "అయ్యో, ఇంతేనా!" అని వచ్చింది. తరువాత ఇంకో ప్రశ్న: "మీ తూనీగ దొరికారా?"

"లేదు."

ఆ తరువాత ఒక్కో వాక్యం వచ్చింది. "మా వార్డులో నయమై ఇంటికెళ్ళేవాళ్ళు మళ్ళీ వస్తాం సిస్టర్ అనేవాళ్ళు. రావద్దు, రాకపోతేనే నాకు సంతోషం అనేదాన్ని. సాయంత్రానికి ఆ మంచం ఖాళీగా చూస్తే మాత్రం బాగుండేది కాదు."

ఆ వెంటనే నర్సు అడక్కుండానే తన పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు పంపింది. "రాసి పెట్టుకోండి. ఈ పేజీ ఎప్పుడైనా మొండికేస్తే ఫోన్ చేయండి." ఆమె ఒక చీటీ వెనక రాసుకుంది. తనవి కూడా పంపింది. ఇద్దరిదీ ఒకే ఊరని అప్పుడు తెలిసింది. రెండింటికి యజమాని షట్టర్ ఎత్తిన చప్పుడు విని పేజీ మూసింది.

అప్పటినుంచి మంగళవారాలు నర్సువి. మిగతా రోజుల్లో ఆమె కంప్యూటర్ తెరవకుండానే అన్నం తింటుంది. వారపత్రికకు అవే నాలుగు వాక్యాలు ఇంకో రెండుసార్లు పంపింది. ఒకసారి వేశారు. తూనీగ దగ్గరనుంచి ఏమీ రాలేదు.

ఇంత జరిగినట్టు వదినకు ఈ మధ్యే చెప్పింది. వదిన అంతా విని, "ఉన్న ఊళ్ళోనే ఉన్న మనిషిని ఒక పూట భోజనానికి పిలవకూడదూ?" అంది.

"పిలవాలి వదినా. చూద్దాం," అంది ఆమె.

నర్సు ఇల్లు దుకాణానికి ఒక్క బస్సు దూరం. ఇద్దరిలో ఎవరూ ఇంకా కలుద్దామన్న మాట ఎత్తలేదు.