ఇసుక పొర కింద కొమురెల్లి

కొమురెల్లి బావులు తవ్వి బతికేవాడు, బావి అంటే వణికేవాడు. ఊరంతా నవ్వేది. నవ్వేవాళ్లదేం పోయింది? ఇసుక జారి తండ్రి బావిలోనే పూడిపోతుంటే చూసింది అతను కదా! నడుముకు కట్టుకున్న తాడు కొస పెళ్లాం బాలవ్వ చేతిలో ఉంటే తప్ప దిగేవాడు కాదు.

పోలీసు యాక్షన్ నాడు పుట్టిన పిల్లలు పెళ్లీడుకొచ్చిన కాలంలో వానలు మొహం చాటేశాయి. చెరువు ఎండి నెర్రెలు విచ్చింది. వాగు ఇసుక గాలికి లేచొచ్చి ఆ నెర్రెల్లో పేరుకుంటోంది. గోదావరి లేకపోలేదు, ధర్మపురి దాకా నడిచి కడవెడు తెస్తే సగం దారిలోనే తాగేస్తారు. చెరువు నడుమ తవ్వి చూద్దామన్నాడు ఊరిపెద్ద రాయమల్లు. అక్కడా నీళ్లు పడకపోతే ఊరు ఖాళీ చేయడమే.

కొమురెల్లి దిగాడు. నల్ల ఒండ్రు, దాని కింద సన్నని ఇసుక, మళ్లీ ఒండ్రు. నిండిన ఏళ్లలో ఒండ్రు, ఎండిన ఏళ్లలో గాలి పోసిన ఇసుక. పైన ఇప్పుడు పేరుకుంటున్నదీ అదే. ఇంకా లోతున మూరెడు మందాన ఇసుక తగిలేసరికి అతను గునపం ఆపాడు. ఎంత కరువు పడితే ఇంత ఇసుక చేరాలి? అక్కడి నుంచి కిందికి మట్టి ఒరలు దిగి ఉన్నాయి, బావి గోడ కూలకుండా కుమ్మరులు కాల్చి ఇచ్చేవి. అంటే ఆ కరువులోనూ ఎవరో ఇక్కడే తవ్వారు. ఒరల్లోని మట్టి తోడి అడుగుకు చేరాడు. గట్టి మొరం. దానిమీద పాత గునపం పోట్లు. ఆ తవ్వినవాళ్లు అంతటితో ఆగిపోయారు.

"ఏమే, మనకన్న ముందుగాల తవ్విండ్రు. నీళ్లు పడలే!"

"మరి ఆళ్లేమైండ్రు?" పైనుంచి బాలవ్వ అడిగింది.

"ఏమో."

"పైకి రారా, ఊరిడిచి పోదాం," అన్నాడు రాయమల్లు.

గునపం వేస్తే గోడ అదురుతుంది, అదిరితే ఇసుక జారుతుంది. మెడమీద అప్పుడే గింజలు గింజలుగా రాలుతోంది. తండ్రి చెయ్యి ఇసుకలో మునగడం కళ్ల ముందు కదిలింది.

"భయమైతాందే!"

"నాకు గూడ భయమైతాంది." ఆమె తాడు కొస మణికట్టుకు చుట్టుకుంది. "తాడు ఇడువ. తవ్వు."

ఏడుస్తూ తవ్వాడు. ఇసుక పిక్కల దాకా జారింది. కేక పెడితే పైకి లాగారు. ఊపిరి తిప్పుకుని మళ్లీ దిగాడు. పొద్దుగూకేలోగా మొరం పగిలి చల్లని నీరు అరికాళ్లు తడిపింది. పాత ఒరల లోపలి నుంచి, అవి ఆగినచోటు దాటించి, చిన్న ఒరలు దించారు. ఊరు నిలిచింది.

మరుసటేడు మబ్బులు పట్టగానే రాయమల్లు ఆ కొత్త ఒరలు తీసి ఇంకో బావికి వాడుదామన్నాడు. ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పని కొమురెల్లి బావికి అడ్డం నిలబడ్డాడు.

"ఉండనియ్యుండ్రి పటేలా. చెరువు నిండితే గీ బాయి ఒండ్రు కింద పూడుతది. మల్ల గిసుంటి కాలమొస్తది. గప్పుడు దిగేటోడు నాకన్న భయస్తుడైతే? మొరం దాటి దిగిన గీ ఒరలు జూసి, ఎవడో మొరం పగులగొట్టిండని ధైర్నం చేస్తడు."