ఏటి ఇసుకలో మామ నేర్పిన బండి

పోయిన గురువారం పొద్దున ఏడు గంటలకు సంగారెడ్డి నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, బాపు పోయిండు" అంది. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, వరండాలో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారట. తొంభై దాటిన మనిషి. జబ్బు చేయలేదు, మంచం పట్టలేదు. నేను ఏడుస్తానేమోనని నా భర్త పక్కకు వచ్చి నిలబడ్డారు. కళ్లలో నీళ్లు వచ్చిన మాట నిజమే గానీ, వాటికంటే ముందు నాకు నవ్వు వచ్చింది. మా మామను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది మంజీర ఏటి ఇసుక, అందులో నేను పడ్డ పాట్లు. ఆ నవ్వును తప్పుగా అనుకోకండి. ఆయన్ని మీలో చాలామంది చూసి ఉండరు, అందుకే కొంచెం మొదటి నుంచి చెబుతాను.

మామ సంగారెడ్డి పశువుల దవాఖానాలో కాంపౌండరు. వానాకాలం రాకముందే పశువులకు గొంతువాపు టీకాలు వేయాలి. అందుకోసం మంజీర అవతలి ఊళ్లన్నీ తిరిగేవారు. అరవైలలో సైకిల్ మీద పోయేవారట. గట్టు దాకా సైకిల్ ఆయన్ని మోసేది, గట్టు దిగాక ఆయన సైకిల్‌ను మోసేవారు. ఎండాకాలంలో అక్కడ ఏరంటే మైలు వెడల్పు ఇసుక, నడుమ ఎక్కడో సన్నటి నీటి పాయ. అందులో నడిస్తే కాలు పిక్క దాకా దిగబడేది. ఆ తర్వాత ఆయన చిన్న మోటారు సైకిల్ ఒకటి కొన్నారు.

కొన్న బండిని కొన్నట్టు ఉంచలేదు. బజారులో మెకానిక్ షాపు నడిపే ఉస్తాద్, ఆయన కలిసి నెల రోజులు దాని మీద పనిచేశారట. పొగగొట్టాన్ని పైకెత్తి సీటు పక్కకు కట్టారు. ముందు మడ్‌గార్డును చక్రానికి జానెడు ఎత్తున బిగించారు. ట్రాక్టరు టైరులా లోతైన గాడులున్న టైర్లు వేశారు. వెనక చైను చక్రం పెద్దది పెట్టారు, దాంతో రోడ్డు మీద ఉరుకు తగ్గింది గానీ ఇసుకలో గుంజే బలం వచ్చింది. పని అయిపోయాక ఉస్తాద్, "కాంపౌండర్ సాబ్, ఇగ ఇది బండి కాదు, ఒంటె. గడ్డెయ్యుండ్రి" అన్నాడట.

నేను కోడలిగా ఆ ఇంటికి వెళ్లేసరికి డెబ్బైలు నడుస్తున్నాయి. ఆ ఒంటె ముందు అరుగు పక్కనే ఉండేది. మామ దానితో పశువుతో మాట్లాడినట్టే మాట్లాడేవారు. స్టార్ట్ కాకపోతే ట్యాంకు మీద తట్టి, "ఏమైందే, రాత్రి మేత సాలలేదా?" అనేవారు. బయలుదేరే ముందు తల దువ్వుకోవడం మరిచేవారు కాదు. గట్టు దిగిన ఐదు నిమిషాల్లో ఆ జుట్టు కాకిగూడు అవుతుందని ఆయనకూ తెలుసు. సాయంత్రం వచ్చి మెట్ల మీద బూట్లు బోర్లిస్తే రెండు దోసిళ్ల ఇసుక రాలేది. "మంజీరను దినాం ఇంత ఇంత ఇంటికి మోస్తున్నరు" అని అత్తమ్మ చీపురు తీసేది.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది ఏటి అవతలి ఊళ్లో. బస్సు ఇవతలి గట్టు దాకానే. అదీ దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. దిగి ఇసుక దాటి, ఆ పైన నాలుగు మైళ్లు నడిచేసరికి పదకొండు అయ్యేది. ఆ ఊళ్లోనే గది తీసుకుందామంటే, ఇంట్లో ఎనిమిది నెలల కూతురు, ఇంకా నా పాలే తాగేది. నా భర్తకు పటాన్‌చెరులో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో షిఫ్టు పని. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు రెండుసార్లు ఆలస్యం రాశారు. మూడోసారి పై ఆఫీసుకు రాస్తానని కబురు చేశారు. ఆ రోజు రాజీనామా రాసి, పొద్దున పోస్టు చేయమని మామ చేతికి ఇచ్చాను.

ఆయన నిలబడే చదివారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"నెల రోజులు నా దగ్గర ఉండనీ బిడ్డా. బండి నేర్చుకుంటవా?"

"నేనా? మోటారు సైకిలా?"

"బడి ఆడ్నే ఉంటది. ఏరు ఆడ్నే ఉంటది. జరగాల్సింది మనమే గదా."

నా భర్త, "ఊరంత ఏమనుకుంటరు బాపూ?" అన్నారు. మామ, "అనుకునేటోళ్లు ఉసికెల దిగి రారు తియ్యి. ఆడ మనమే ఉంటం" అన్నారు. ఆయన నోట ఇసుక ఎప్పుడూ ఉసికే. అత్తమ్మ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు నన్ను లోపలికి పిలిచి, నాట్లేసే ఆడవాళ్లు కట్టినట్టు చీరను గోచీ పోసి కట్టడం నేర్పించింది. "పడితే పడ్డవు గాని, చీరె చక్రంల వడకుండ సూస్కో" అంది. అదే ఆమె ఒప్పుకోవడం.

పాఠాలు ఆదివారాలు, చర్చి అయ్యాక. రోడ్డు మీద కాకుండా ఇసుకలోనే ఎందుకని అడిగితే, "రోడ్డు మీద పడితే బొక్కలు ఇరుగుతయి. ఉసికెల పడితే చీరె దులుపుకుంటే అయిపాయె" అన్నారు. గట్టు మీద ఆపి రెండు టైర్లలో సగం గాలి తీసేవారు. బొటనవేలితో నొక్కి చూసి, "ఇగ టైరు అడుగు పరుచుకుంటది, ఉసికెల దిగదు" అనేవారు. అవతల మళ్లీ కొట్టుకోవడానికి చేతి పంపు సీటు కింద కట్టి ఉండేది.

ఇసుకలో ముందు చక్రం పాములా మెలికలు తిరుగుతుంది. భయపడి హ్యాండిల్ బిగబట్టామా, అడ్డం తిరిగి పడేస్తుంది. భయపడి రేసు తగ్గించామా, వెనక చక్రం గుంత తవ్వుకుని కూర్చుంటుంది. నేను రెండూ చేశాను, ఒకేసారి కూడా చేశాను. మామ పక్కన పరుగెత్తుతూ అరిచేవారు. "దాని మెడ వదిలెయ్యి బిడ్డా! అదే తొవ్వ సూస్కుంటది! నువ్వు అవతలి గట్టు దిక్కు సూడు!" మళ్లీ, "భయమైతుందా? అయితే ఇంక జెర రేసు ఇయ్యి!" భయమైనప్పుడు రేసు ఎలా ఇస్తారో నాకు మూడు ఆదివారాలు అర్థం కాలేదు.

ఏటిలో పుచ్చ పాదులు పెట్టుకున్న ఒక అవ్వ తన గుడిసె ముందు కూర్చుని మా సంబరం చూసేది. "ఓ కాంపౌండర్ సారూ, కోడలికి కుస్తీ నేర్పుతున్నవా?" అని కేకేసేది. "కుస్తీ గాదవ్వా, ఈత!" అనేవారు మామ. ఒకసారి తిన్నగా పోయి ఆమె పాదుల్లోనే పడ్డాను. మూడు కాయలు పగిలాయి. అవ్వ నన్ను ఇష్టం వచ్చినట్టు తిట్టి, తిట్టడం అయ్యాక ఆ కాయలే తెచ్చి ముందు పెట్టింది. "పలిగినయి ఎవలు తింటరు, మీరే తినుండ్రి." చర్చి బట్టల మీద రసం కార్చుకుంటూ మామ ఎంత ఆనందంగా తిన్నారో! నేను ఇంకా పగలగొడితే బాగుండుననిపించేలా తిన్నారు.

నాలుగో ఆదివారం అది దానంతట అదే జరిగింది. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, నడుము వెనక్కి జరిపి, పళ్లు బిగించి రేసు ఇచ్చాను. అప్పటిదాకా తవ్వుకుంటున్న బండి ఒక్కసారి పైకి తేలింది. కింద ఇసుక నీళ్లలా పోతోంది. ముందు చక్రం అటూ ఇటూ ఊగుతూనే ఉంది, నేను పట్టించుకోలేదు. నా నోట్లోంచి వచ్చిన కేకకు కొంగలు ఎగిరిపోయాయి. పెద్ద పెద్ద చుట్లు తిరిగాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇసుకలో ఆపడం నాకు నేర్పనే లేదని.

"మామా, ఎట్ల ఆపాలె?"

"రేసు వదిలెయ్యి! ఉసికెనే ఆపుతది!"

నిజంగానే ఇసుకే ఆపింది. తల్లి ఒడిలోకి తీసుకున్నంత మెత్తగా ఆపింది.

ఆ వారంలోనే ఇన్‌స్పెక్టరు బడికి వస్తున్నట్టు కబురు వచ్చింది. పొద్దున పది గంటలకు నేను తరగతిలో లేకపోతే కాగితం పైకి పోతుంది. ఏటిని ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నేను అప్పటిదాకా బండి నడిపి దాటలేదు. నడిమధ్య ఇసుక అన్నిటికంటే లోతు. "వెనక నేను కూసుంట, నువ్వు నడుపు" అన్నారు మామ.

ఎనిమిదిన్నరకు గట్టు దిగాం. వెనక ఆయన ఉన్నారన్న ధైర్యంతో నేను మాట్లాడుతూనే ఉన్నాను. పాప పొద్దున పాలు సరిగ్గా తాగలేదని, పిల్లలకు ఎక్కాలు వచ్చాయో లేదోనని. ఆయన "ఊ" అంటున్నారు. సగం దూరం వచ్చేసరికి ఎదురుగా ఒక జీపు, ఇరుసు దాకా దిగబడి ఉంది. డ్రైవరు చేతులతో ఇసుక తోడుతున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన పెద్దమనిషి ఒకరు పక్కన నిలబడి ఉన్నారు. చూస్తే ఇన్‌స్పెక్టరే. ఆగమని నాకు చెయ్యి ఊపారు.

జీపు చక్రాలు దున్నిపెట్టిన చోట బండి ఒక్కసారి కుంగింది. భయమైంది. కానీ చెయ్యి మాత్రం రేసు ఇచ్చింది. బండి లేచింది. "నమస్తే సార్!" అని గట్టిగా అరిచి ఆయన పక్కనుంచి దూసుకుపోయాను. "మామా, ఆయననే! ఆగకుండ వస్తిమి! ఏమైతదో ఏమో!" అని గట్టు దాకా ఏకరువు పెడుతూనే ఉన్నాను. గట్టెక్కి, "దిగుండ్రి మామా" అని వెనక్కి తిరిగితే సీటు ఖాళీ.

మామ నడి ఏట్లో ఉన్నారు. జీపు వైపు నడుస్తూ, నన్ను చూసి రెండు చేతులూ ఊపారు. గొంతు సన్నగా వినబడింది. "బడికి పో బిడ్డా! జీపును నేను సూస్కుంట!"

గాలి కొట్టుకుని, తుమ్మ పొదల చాటున చీర కుచ్చిళ్లు సర్దుకుని, పదికి చాలా ముందే బడికి చేరాను. పిల్లలు బండి చుట్టూ మూగారు. ఒక పిల్ల, "టీచరమ్మా, మీ తల నిండ ఉసికె ఉన్నది" అంది. దులుపుకుని హాజరు తీసుకున్నాను.

జీపు వచ్చేసరికి పన్నెండు కావచ్చింది. డ్రైవరు పక్కన ముందు సీట్లో మా మామ దర్జాగా కూర్చుని ఉన్నారు! టైర్ల గాలి సగం తీయించి, అవ్వ కొడుకు ఎడ్లను తెప్పించి జీపును బయటకు లాగించారట. దారి పొడుగునా కోడలి కథంతా చెప్పారట. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి పాఠం విన్నారు, పిల్లలను ఎక్కాలు అడిగారు. చివరికి నా వైపు తిరిగారు.

"ఆగమని చెయ్యూపిన గదమ్మా. ఎందుకు ఆగలే?"

"ఆగితే మునుగుతం సార్."

ఆయన డ్రైవరు వైపు చూసి, "ఇన్నవా?" అన్నారు. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత అందరం నవ్వాం. తనిఖీ పుస్తకంలో ఆయన తన చేత్తో రాశారు: టీచరు, తనిఖీకి వచ్చిన అధికారి కంటే ముందు హాజరు.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, ఎక్కడ దిగారని.

"జీపు దున్నిన గాట్లల్లకు రాంగనే బండి కుంగింది. ఇద్దరి బరువు గుంజేటట్టు లేదు. అందుకే ఎనకకు జారిన."

"చెప్పొద్దా మామా?"

"చెప్తే ఆగుతుంటివి."

ఇంటికి వచ్చాక ప్లగ్గు తుడవడానికి కాగితం కావాలని జేబులో చెయ్యి పెట్టారు. నా రాజీనామా బయటకు వచ్చింది. నా ముఖం ఒకసారి చూసి, నాలుగు ముక్కలు చేసి ప్లగ్గు తుడిచారు.

ఆ తర్వాత ఏడేళ్లు ఆ బండి మీదే బడికి పోయాను. వానాకాలం నీళ్లొస్తే పుట్టిలో దాటేదాన్ని. నన్ను చూసి ఇంకొక టీచరమ్మ, ఆ పైన ఊళ్లు తిరిగే నర్సమ్మ మామ దగ్గరికి వచ్చారు. వాళ్లకూ అదే ఇసుక, అవే కేకలు. అవ్వ గుడిసె ముందు అదే నవ్వు. నా భర్త మొదట్లో వీధి చివర నన్ను చూసి తల తిప్పుకునేవారు. తర్వాత ఫ్యాక్టరీ స్నేహితులను వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చి, నేను దాటుతుంటే చూపించేవారు.

ఇప్పుడు పటాన్‌చెరు వైపు ఎటు చూసినా మేడలే. ఆ ఇసుకలో చాలా భాగం లారీల మీద పోయి వాటి గోడల్లో ఉంది. మామ దానికి బాధపడగా నేను చూడలేదు. ముత్తంగి దగ్గర కారులో పోతూ ఒక పెద్ద భవనాన్ని చూపించి, "నువ్వు పడ్డ ఉసికె గీ గోడలల్లనే ఉంటది బిడ్డా" అని నవ్వారు. మొన్నటి దాకా నేను స్కూటీ తీస్తే చాలు, వంగి టైరు నొక్కి చూసేవారు.

శుక్రవారం సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నాకు ఒక జూన్ సాయంత్రం కళ్ల ముందుకు వచ్చింది. బడి తెరిచిన మొదటి వారం. నాకు ఎదురుగా మామ గట్టు దాకా వచ్చారు. పైన ఎక్కడో పెద్ద వాన పడిందట. నేను దాటి వచ్చిన కాసేపటికి ఆయన నా భుజం తట్టి, "అటు సూడు" అన్నారు. ఏటిలోకి కొత్త నీళ్లు వస్తున్నాయి. చప్పుడు లేదు, అరచేయి మందం కూడా లేదు. అంచున నురగ, ఎండు పుల్లలు. ఇసుకంతా పరుచుకోకముందే నీళ్లు నా టైరు గాట్లను పట్టుకున్నాయి. అవతలి గట్టు నుంచి మా కాళ్ల దాకా, నేను వచ్చిన మెలికలన్నీ తిరుగుతూ, ఒకే ఒక్క సన్నటి నీటి గీత ఎర్రటి ఎండలో మెరుస్తూ వచ్చింది. మామ చెప్పులు విడిచి, పోయి ఆ గీత చివర నిలబడ్డారు. నీళ్లు వచ్చి ఆయన పాదాలను తాకాయి.